తెలుపు తేలే నిమిషం

గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను అది పుట్టకముందే పసిగట్టే పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా చవకైనదానికి కావలసిన సామానంతా ఒక చిన్న ట్రేలో సరిపోతుంది. స్టీలు స్పెక్యులమ్, పొడవాటి ఫోర్సెప్స్, దూది ఉండలు, గ్లవ్స్, గిన్నెలో నీళ్ళలా కనిపించే పల్చటి ద్రావణం, పక్కన ఒక మంచి లైటు. ఆ ద్రావణం నూటికి ఐదు పాళ్ళ ఎసిటిక్ యాసిడ్. వంటింటి వెనిగర్‌లోని పులుపు కూడా దానిదే. దీనికి ల్యాబు అక్కర్లేదు, మైక్రోస్కోపు అక్కర్లేదు, రిపోర్టు కోసం వారాల తరబడి కాచుకోనక్కర్లేదు. ద్రావణం రాసి, ఒక నిమిషం ఆగి, కంటితో చూడడమే. వైద్యులు దీన్ని వీఐఏ అంటారు.

ఈ పరీక్ష గురించి మనం వినేదంతా దాదాపు "వెనిగర్‌తో క్యాన్సర్ పట్టేస్తారు" అన్న వింత దగ్గరే ఆగిపోతుంది. వెనిగర్ దేన్నీ పట్టదు. అది ఒక తెలుపును పైకి తేల్చి, కాసేపు నిలబెట్టి, మళ్ళీ కరిగించేస్తుంది. ఆ కాసేపట్లో దేన్ని గుర్తుపట్టాలో, దేన్ని చూసి కూడా వదిలేయాలో తెలిసిన కన్ను కావాలి. ఎదుటి మనిషి బెదరకుండా పని నడిపే చెయ్యి కావాలి. పరీక్ష అంతా ఆ రెంటిలోనే ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరదా చాటున ఒక స్టాఫ్ నర్సు కొద్ది నిమిషాల్లో ముగించే ఈ పనిని మనం చిన్న పనుల లెక్కలో వేసేశాం. నా దృష్టిలో అది నేర్చి, నిలబెట్టుకోవలసిన విద్య. ఈ వ్యాసం ఆ విద్య గురించే.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ వైపు నుంచి చూస్తే ఈ పరీక్ష ఎవరి కోసం తయారైందో బాగా తెలుస్తుంది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువలు పారే నేల ఇది. వరి, చెరకు పండుతాయి. నాటు, కలుపు, కోత అన్నీ ఆడవాళ్ళ చేతుల మీదుగానే సాగుతాయి. కూలి పోయిన రోజు పోయినట్టే. ఒకసారి ఆసుపత్రికి రావడమే ఒక ఏర్పాటు. వంట ఎవరు చేయాలి, పశువులను ఎవరు చూడాలి, ఆటో కిరాయి ఎక్కడిది, మగమనిషికి ఏమని చెప్పాలి? ఇన్నీ తేల్చుకుని వచ్చిన ఆమెతో "మళ్ళీ రెండు వారాలకు రా, రిపోర్టు వస్తుంది" అంటే ఆమె రాదు. వచ్చినా, "పైన చూపించుకో, హైదరాబాద్ పో" అంటే అక్కడే తెగిపోతుంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఇక్కడికి సుమారు 150 కిలోమీటర్లు.

ముఖద్వారం కణాలను స్లైడు మీద చదివే పాప్ పరీక్ష గొప్పదే. జార్జ్ పాపనికోలావు తీర్చిన ఆ పరీక్షను క్రమం తప్పకుండా అమలు చేసిన దేశాల్లో ఈ క్యాన్సర్ బాగా తగ్గిపోయింది. కానీ దాని వెనుక స్లైడును సరిగ్గా తయారుచేసేవాళ్ళు, దాన్ని చదివే సైటాలజిస్టు, రిపోర్టును మనిషికి చేర్చే మార్గం, ఆ మనిషి మళ్ళీ రావడం అనే పొడవాటి గొలుసు ఉంటుంది. మన పల్లెల్లో ఆ గొలుసు ఎప్పుడూ చివరి లంకె దగ్గరే తెగేది. వీఐఏను రూపొందించినవాళ్ళు ఆ గొలుసునే వీలైనంత పొట్టి చేశారు. చూసేది ఇప్పుడే, చెప్పేది ఇప్పుడే, వీలైతే చికిత్స కూడా ఇప్పుడే. ఆమె రెండోసారి రాలేదన్న నిజాన్ని తప్పు పట్టకుండా, దాని చుట్టూనే పరీక్షను అల్లారు. ఈ అల్లిక నాకు ఎంతో నచ్చుతుంది.

ఇక పని దగ్గరికి వద్దాం. పని ద్రావణం కలపడంతో మొదలవుతుంది. ఐదు మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, తొంభై ఐదు మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్. యాసిడ్‌ను నీళ్ళలో పోయాలి. పాళ్ళు తప్పి ఘాటెక్కితే లోపలి పొర కాలుతుంది. పల్చనైపోతే తెలుపు తేలదు, ఉన్న జబ్బు లేనట్టు కనిపిస్తుంది. అందుకే ఏ రోజుది ఆ రోజు కలుపుకోవాలి, సీసా మీద తేదీ వేసుకోవాలి. కలిపి పక్కన పెట్టేసిన సీసాతో వారమంతా నెట్టుకొచ్చే చోట ఆ పరీక్షను నమ్మలేం. పని తెలిసిన నర్సును ఆమె సీసా మీది తేదీతోనే గుర్తుపట్టవచ్చు.

తర్వాత మాట. పడుకోబెట్టకముందే, బట్టలు సర్దుకునేలోపే, ఏం చేయబోతున్నారో చెప్పాలి. ఇదేమీ ఆపరేషన్ కాదని, కోతలు కుట్లు ఉండవని, కాస్త చురుక్కుమనవచ్చని, వద్దనుకుంటే మధ్యలో ఆపేయమని చెప్పే హక్కు ఆమెకుందని వివరించాలి. బహిష్టు రోజులా, కడుపుతో ఉందా, ఇంతకుముందు గర్భసంచి తీయించుకుందా అని అడగాలి. బహిష్టులోనో, కడుపుతోనో ఉంటే ఆ రోజు పరీక్ష ఉండదు. గర్భసంచితో పాటు ముఖద్వారమూ తీసేసి ఉంటే ఈ పరీక్షకు పనే లేదు. కాన్పుల గదిలో తిట్లు తిన్న జ్ఞాపకం ఉన్న ఆడమనిషికి మళ్ళీ ఆ బల్ల ఎక్కాలంటేనే ఒళ్ళు బిగుసుకుంటుంది. బిగుసుకున్న ఒంట్లోకి స్పెక్యులమ్ వెళ్తే నొప్పి. ఆ నొప్పి కథ సాయంత్రానికి వాడంతా పాకుతుంది, వచ్చే వారం వరుసలో ఎవరూ ఉండరు. "అక్కా, నోటితోని మెల్లగ గాలి ఇడువు, నడుము బల్లకు ఆనించు" అన్న చిన్న మాట ఈ పనిలో ఒక పనిముట్టు. నర్సు వయసులో చిన్నదైతే ఎదుటామె అక్కో, పెద్దమ్మో, అత్తమ్మో అవుతుంది. ఆ పిలుపుతోనే సగం భయం దిగిపోతుంది.

స్పెక్యులమ్‌ను గోరువెచ్చని నీళ్ళలో ముంచి తీయడం, పక్కవాటుగా లోపలికి పంపి మెల్లగా తిప్పడం, ముఖద్వారం రెండు రేకుల మధ్య పూర్తిగా కనబడేదాకా తొందరపడకుండా తెరవడం చూడడానికి తేలికగా ఉంటాయి. పట్టు కుదరడానికి మాత్రం ఎన్నో పరీక్షలు పడతాయి. సరిగ్గా తెరిచాక లైటు సర్దుకోవాలి. ఎర్రటి మసక బల్బు వెలుగులో తెలుపు తెలుపుగా కనబడదు. తెల్లని, గట్టి వెలుతురు నేరుగా లోపల పడాలి.

ద్రావణం రాయకముందే ఒకసారి తీరుబడిగా చూడాలి. కొత్తవాళ్ళు ఇక్కడే తొందరపడతారు. ముఖద్వారం మీద రెండు రకాల పొరలుంటాయి. బయటివైపు నున్నగా, లేత గులాబీ రంగులో ఉండేది ఒకటి. లోపలి కాలువ నుంచి బయటికి వచ్చేది ఎర్రగా, మెత్తని మఖమల్‌లా ఉంటుంది. అవి రెండూ కలిసే చోట ఒక గీత ఉంటుంది. వయసు వచ్చినప్పటి నుంచీ ఆ గీత మెల్లమెల్లగా లోపలికి జరుగుతూ ఉంటుంది. అలా జరిగిన మేర ఒక పొర ఇంకో పొరగా మారిన జాగా ఏర్పడుతుంది. హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, స్థిరపడేది ఎక్కువగా ఈ మారే జాగాలోనే. క్యాన్సర్లలో అత్యధికం ఇక్కడే మొదలవుతాయి. కాబట్టి ఆ గీత ఎక్కడుందో, చుట్టూ పూర్తిగా కనిపిస్తోందో లేదో ముందే కన్ను పట్టుకోవాలి. ముట్లు ఆగిపోయిన పెద్దవయసు స్త్రీలలో ఆ గీత కాలువ లోపలికి వెళ్ళిపోతుంది. అప్పుడు ఎంత బాగా చూసినా ఈ పరీక్షతో తేల్చలేం. ఆ మాట ఒప్పుకుని వేరే పరీక్షకు పంపడమూ నర్సు పనిలో భాగమే.

తర్వాత పొడి దూదితో జిగురును అద్ది తీస్తారు, రుద్దరు. రుద్దితే నెత్తురు చెమ్మ వస్తుంది, ఆ ఎరుపు కింద తెలుపు దాక్కుంటుంది. అప్పుడు ద్రావణంలో బాగా తడిపిన దూదిని ముఖద్వారమంతా తగిలేలా మెల్లగా ఆనించి పట్టుకుంటారు. అక్కణ్ణుంచి గడియారం చూసి ఒక నిమిషం.

ఆ నిమిషంలో జరిగేది ఇదీ. ఎసిటిక్ యాసిడ్ తగలగానే కణాల్లోని ప్రోటీన్లు కాసేపు గడ్డకడతాయి. మామూలు పొరలో కణాల కేంద్రకాలు చిన్నవి, దూరదూరంగా ఉంటాయి కనుక వెలుతురు లోపలిదాకా వెళ్ళి కింది నెత్తురు నాళాల ఎరుపును మోసుకొస్తుంది. వైరస్ వల్ల దారి తప్పిన కణాల్లో కేంద్రకాలు పెద్దవి, కిక్కిరిసి ఉంటాయి. వెలుతురు లోపలికి చొరబడలేక పైనుంచే తిరిగి వస్తుంది. అందుకే ఆ చోటు తెల్లగా కనబడుతుంది. జబ్బు ముదిరిన కొద్దీ తెలుపు దట్టమవుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంకా ముదరని, హానిలేని మార్పుల్లో తెలుపు గబుక్కున వచ్చి గబుక్కున మాయమవుతుంది. నిమిషం ఆగమనడం అందుకే. అరనిమిషంలో చూసి "ఏమీ లేదు" అనేయడం, పలచని తెలుపు చూడగానే "ఉంది" అనేయడం, రెండూ ఆ నిమిషాన్ని లెక్కచేయకపోవడం వల్ల జరిగే తప్పులే.

ఏ తెలుపు ఏమిటో చెప్పగలగడమే ఈ విద్యకు పట్టు. గీతను ఆనుకుని, అంచులు స్పష్టంగా తెగి, దట్టంగా సున్నం పూసినట్టు ఉంటే పరీక్ష పాజిటివ్. గీతకు దూరంగా ఎక్కడో ఒక పలచటి మచ్చ, అంచు తెలియకుండా చుట్టూ కలిసిపోయే తెలుపు, చుక్కచుక్కలుగా విడివిడిగా కనిపించేవి, ముఖద్వారం మీద సాధారణంగా ఉండే చిన్న నీటి పొక్కులు, ఇవన్నీ నెగిటివే. ఇక కాలీఫ్లవర్‌లా పొంగి, ముట్టుకుంటే చాలు నెత్తురు కారేది కనిపిస్తే అది ముందుదశ దాటి క్యాన్సర్ అని అనుమానించి వెంటనే పైకి పంపాలి. పుస్తకంలో ఇవి ఫొటోలుగా విడివిడిగా ఉంటాయి. మనిషిలో అన్నీ కలిసిపోయి ఉంటాయి. వరిచేలో ఊద మొలిస్తే లేతగా ఉన్నప్పుడు అది వరిలాగే ఉంటుంది. కొత్తవాళ్ళు వరిని పీకి ఊదను వదిలేస్తారు. ఏళ్ళ తరబడి కలుపు తీసిన బాన్సువాడ ఆడమనిషి వంగిన నడుము ఎత్తకుండానే ఊదను మాత్రమే లాగేస్తుంది. నర్సు కన్ను తయారయ్యేదీ అలాగే. చూసి, తప్పు చేసి, పక్కన అనుభవజ్ఞులు దిద్దితే మళ్ళీ చూసి నేర్చుకోవాల్సిందే.

చూసింది కార్డు మీద బొమ్మగా గీయాలి. వృత్తం, మధ్యలో కాలువ, గీత ఎక్కడుందో చుక్కలతో, తెలుపు గడియారంలో ఎన్ని గంటల వైపు నుంచి ఎన్ని గంటల వైపుదాకా ఉందో. ఈ బొమ్మ లేకపోతే పైనున్న డాక్టరు మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి. స్పెక్యులమ్‌లను క్లోరిన్ ద్రావణంలో పది నిమిషాలు నానబెట్టి, కడిగి, ఆటోక్లేవ్ చేసే పని ఉంటుంది. మెచ్చుకునేవాళ్ళు లేకపోయినా తర్వాత వచ్చే ఆమె క్షేమం దాని మీదే ఆధారపడి ఉంది.

ఈ చూపు పనికొస్తుందా అన్న ప్రశ్నకు జవాబు మన దేశంలోనే, పల్లెల్లోనూ మురికివాడల్లోనూ దొరికింది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో నర్సులతో ఒక్క విడత వీఐఏ చేయించి, అవసరమైనవాళ్ళకు చికిత్స ఇచ్చారు. ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గినట్టు 2007లో లాన్సెట్‌లో వచ్చింది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్ళు ఇంకో మెట్టు దిగారు. పదో తరగతి చదివిన స్థానిక స్త్రీలకు నాలుగు వారాలు నేర్పి, వాళ్ళతోనే రెండేళ్ళకోసారి పరీక్ష చేయించారు. లక్షన్నర మంది స్త్రీలు పాల్గొన్న ఆ అధ్యయనంలో మరణాలు 31 శాతం తగ్గాయి. పదో తరగతి, నాలుగు వారాలు. ఈ రెండు మాటల్ని నేను ఎన్నిసార్లు తలచుకున్నా కొత్తగానే అనిపిస్తాయి.

మన దగ్గరా జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఏడేళ్ళ పాటు నడిచిన వీఐఏ కార్యక్రమ వివరాలను ఉషారాణి పోలి, ప్యాట్రీషియా బిడింగర్, స్వర్ణలత గౌరీశంకర్ 2015లో ప్రచురించారు. 18,869 మందిని పరీక్షిస్తే నూటికి దాదాపు పదకొండు మందికి పాజిటివ్ అన్నారు. బయాప్సీలో తీవ్రమైన ముందుదశ ఉన్నట్టు తేలింది 90 మందికి. అంటే తెల్లగా కనిపించిన వాటిలో ఎక్కువ భాగం భయపడాల్సినవి కావు. ఈ పరీక్షకున్న బలహీనత ఇదే, దాన్ని దాచిపెట్టి పొగడడం నాకిష్టం లేదు. మేడ్చల్ ప్రాంతంలో జరిగి 2010లో ప్రచురితమైన మరో అధ్యయనంలో వీఐఏ వదిలేసిన జబ్బును హెచ్‌పీవీ పరీక్ష పట్టుకుంది. బాన్సువాడకు పడమట, మరాఠ్వాడాలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనం 2009లో వచ్చింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన ఊళ్ళలో మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. వీఐఏ చేసిన ఊళ్ళలో అంత తేడా కనిపించలేదు. ఒకే పరీక్ష ఒకచోట గెలిచి ఇంకోచోట తడబడడానికి కారణాలు చాలా ఉండవచ్చు. కానీ కంటి మీద నడిచే పరీక్ష, కన్ను ఎంత పదునుగా ఉంటే అంతే పనిచేస్తుంది. నేర్పి వదిలేస్తే ఆ పదును మొద్దుబారుతుంది.

పాజిటివ్ అయిన ఆమెకు అదే బల్ల మీద ఇవ్వగలిగే చికిత్సలోనూ ఇంతే నేర్పు ఉంది. ఒకప్పుడు క్రయో చేసేవారు. కార్బన్ డయాక్సైడో, నైట్రస్ ఆక్సైడో నిండిన బరువైన సిలిండరు, మూడు నిమిషాలు గడ్డకట్టించి, ఐదు నిమిషాలు కరగనిచ్చి, మళ్ళీ మూడు నిమిషాలు గడ్డకట్టించడం. మారుమూల కేంద్రానికి గ్యాసు అందడమే గగనం. ఇప్పుడు థర్మల్ అబ్లేషన్ వచ్చింది. 1960ల్లో జర్మనీలో కుర్ట్ సెమ్ మొదలుపెట్టిన ఈ పద్ధతి బ్యాటరీతో నడిచే, చేతిలో పట్టుకునే పరికరంగా మారింది. వేడెక్కిన కొనను ముఖద్వారానికి ఆనించి సుమారు అరనిమిషం ఉంచితే చాలు, చెడిన పొర మాడిపోయి కొన్ని వారాల్లో కొత్త పొర వస్తుంది. మత్తు ఇవ్వకుండానే చాలావరకు చేసేయవచ్చు. అయితే ఎవరికి చేయకూడదో తెలియడమే అసలు పని. తెలుపు ముఖద్వారంలో ముప్పాతిక వంతు దాటినా, కాలువ లోపలికి పాకి దాని చివర కనబడకపోయినా, క్యాన్సర్ అనుమానం ఏమాత్రం ఉన్నా పరికరం పక్కన పెట్టి పైకి పంపాలి. పైపైన మాడ్చేస్తే లోపలిది దాక్కుని పెరుగుతుంది. చికిత్స తర్వాత కొన్ని వారాలు నీళ్ళలా పోతుందని, నాలుగు వారాలు భర్తకు దూరంగా ఉండాలని, జ్వరమో ఎక్కువ రక్తస్రావమో వస్తే రావాలని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ నీళ్ళు చూసి హడలిపోయి ఆమె నేరుగా ప్రైవేటు ఆసుపత్రికి పోతుంది.

అక్కడేమవుతుందో మన రెండు రాష్ట్రాలకూ బాగా తెలుసు. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పనో, బహిష్టు ఎక్కువవుతోందనో వెళ్ళిన ఆడమనిషికి "క్యాన్సర్ వస్తుంది, తీసేయడమే మంచిది" అన్న మాట వినబడుతుంది. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు అని ఇంట్లోవాళ్ళూ తోడవుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ఎక్కువ, నూటికి ఎనిమిది మందికి పైనే. అదే సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ఇద్దరు కూడా లేరు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కోపం వస్తుంది. ఒక్క నిమిషం చూసి "నీకేం లేదు పెద్దమ్మా, తెల్లబట్టకు మందిస్తాం, గర్భసంచికి ఏం కాలేదు" అని ధైర్యంగా చెప్పగల నర్సు ఎన్ని అనవసరపు ఆపరేషన్లను ఆపగలదో! ఈ పరీక్ష క్యాన్సర్‌ను పట్టడానికి ఎంత అవసరమో, క్యాన్సర్ లేదని నమ్మకంగా చెప్పడానికీ అంతే అవసరం.

బల్ల దాకా రావాలంటే ఇంటి గుమ్మం దగ్గర ఇంకొకరి పనితనం కావాలి. ముప్పై దాటినవాళ్ళందరి వివరాలూ ఆశా కార్యకర్త ఒక ఫారంలో నింపుతుంది. అందులో ఆడవాళ్ళకు వేసే ప్రశ్నలు అందరి ముందూ అడిగేవి కావు. ముట్లు ఆగిపోయాక మళ్ళీ నెత్తురు కనబడిందా, బహిష్టుకూ బహిష్టుకూ నడుమ అవుతోందా, భర్తతో కలిసిన తర్వాత అవుతోందా, తెల్లబట్టకు వాసన ఉందా. అత్తగారు వాకిట్లో కూర్చుని ఉండగా ఈ ప్రశ్నలు అడిగితే జవాబు "లేదు" అనే వస్తుంది. బావి దగ్గరో, బీడీలు చుట్టే అరుగు మీద అందరూ లేచాకో, పక్కన కూర్చుని "వదినా, గిది నీకూ నాకే" అని అడిగితే నిజం బయటికి వస్తుంది. ఈ గుర్తులు కనబడ్డాక స్క్రీనింగ్ వంతు కోసం ఆగకూడదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. గుర్తులేమీ లేనివాళ్ళకు 30 నుంచి 65 ఏళ్ళ మధ్య ఐదేళ్ళకోసారి పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది. 2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన 'ఆరోగ్య మహిళ' కార్యక్రమం ఎంపిక చేసిన కేంద్రాల్లో మంగళవారాన్ని ఆడవాళ్ళకే కేటాయించి, ఈ పరీక్షను అందులో చేర్చింది. "మంగళవారం పోదాం పా" అని నలుగురు కలిసి బయల్దేరగలిగితే ఒంటరిగా వెళ్ళే సిగ్గు తగ్గుతుంది.

బాన్సువాడ మీద నాకు నమ్మకం కలగడానికి ఇంకో కారణముంది. అక్కడి మాతాశిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాల విషయంలో జాతీయ గుర్తింపు వచ్చింది. తల్లిపాల పనిలో యంత్రాల గొప్పతనమేమీ లేదు. కాన్పయిన గంటలోపు బిడ్డను రొమ్ముకు ఆనించడం, అలిసిపోయిన తల్లి పక్కన నిలబడి పట్టు సరిచేయడం, డబ్బా పాలు తెచ్చే బంధువులకు ఓపిగ్గా నచ్చజెప్పడం. ప్రతి కాన్పుకూ, ప్రతి షిఫ్టులోనూ, విసుగు లేకుండా అదే పని. ఇలాంటి చేతిపనిని ఒక ఆసుపత్రి అలవాటుగా మార్చుకోగలిగిందంటే ముఖద్వార పరీక్షనూ అలాగే నిలబెట్టుకోవచ్చు. కావలసిన గుణాలు అవే. ఓపిక, మాట, సరైన స్పర్శ, ప్రతిసారీ ఒకేలా చేయడం.

క్యాన్సరే అని తేలిన వాళ్ళ దారి వేరు. 2022లో దేశంలో కొత్తగా ఈ క్యాన్సర్ బారిన పడినవారు సుమారు 1,27,500 మంది, చనిపోయినవారు దాదాపు 80 వేలు అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. తొలిదశలో శస్త్రచికిత్సతో నయమవుతుంది. ముదిరితే బయటి నుంచి రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ మందు, ఆపైన ముఖద్వారం దగ్గరే గొట్టాలు అమర్చి లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. మూత్రాశయానికీ మలాశయానికీ దెబ్బ తగలకుండా కణితికి మాత్రం పూర్తి మోతాదు పడేలా ఆ గొట్టాలను అమర్చడం మరో గొప్ప పనితనం, దాని గురించి విడిగా రాయాలి. ఇక్కడ చెప్పాల్సింది ఒకటే. ఈ చికిత్స మొత్తం ఎనిమిది వారాల్లోపు ముగియాలి. మధ్యలో ఇంటికి వచ్చి నాట్లయ్యాక వెళ్దామనుకుంటే ఫలితం దెబ్బతింటుంది. 1955 నుంచి హైదరాబాద్‌లో ఉన్న ఎంఎన్‌జేకి పంపేటప్పుడే, ఆ వారాలన్నీ ఎక్కడ ఉండాలో, తోడెవరో, ఆరోగ్యశ్రీ కాగితాలేమిటో కూర్చోబెట్టి చెప్పగలిగితే సగం మంది మధ్యలో మానేయరు.

ఇక ఈ వైరస్‌ను ముందే అడ్డుకునే టీకా సంగతి. ఇందులో మన నేల కథ ఒకటి దాగి ఉంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టు మరణాల వార్తలతో, సమ్మతి తీసుకున్న తీరుపై విమర్శలతో 2010 ఏప్రిల్‌లో ఆగిపోయింది. మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ హాస్టల్ వార్డెన్ల సంతకాలతో పిల్లలకు సూది వేయడాన్ని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది, అది సరైన మాటే. అదే సమయంలో రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి దేశంలో పలుచోట్ల ఇంకో అధ్యయనం నడుస్తోంది. ఎంఎన్‌జే పరిశోధకులకూ అందులో భాగముంది. ఖమ్మం గొడవతో దానిలోనూ టీకాలు ఆపేశారు. వేలమంది అమ్మాయిలు ఒక్క డోసుతో మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్ళను వదిలేయలేదు. పదేళ్ళు వెంట నడిచారు. ఒక్క డోసు తీసుకున్నవాళ్ళకూ 16, 18 రకాల వైరస్ తిష్ట వేయకుండా దాదాపు పూర్తి రక్షణ ఉందని 2021లో ప్రచురించారు. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసుకు అంగీకరించడానికి బలమైన ఆధారాల్లో ఇదొకటి. మన సీరమ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన సర్వావాక్‌కు అనుమతి వచ్చిందీ ఆ ఏడాదే. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ అమ్మాయికి వైరస్ తగలకముందే టీకా వేయించాలి. ఈసారి తల్లిని ఎదురుగా కూర్చోబెట్టి, అన్నీ చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే.

వీఐఏ కాలం ఎన్నాళ్ళని అడిగేవాళ్ళున్నారు. 2021 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌పీవీ పరీక్షకే మొదటి స్థానం ఇస్తోంది. పరదా చాటున స్త్రీ తనంతట తానే స్వాబ్ తీసుకుని ఇవ్వవచ్చు, బల్ల ఎక్కనక్కర్లేదు. అది మన పల్లెలకు ఎంత త్వరగా వస్తే అంత మంచిది. వచ్చాక కూడా, వైరస్ ఉందని తేలిన ఆమెకు అబ్లేషన్ చేయవచ్చా, పైకి పంపాలా అన్నది ఎవరో ఒకరు ఎసిటిక్ యాసిడ్ రాసి, నిమిషం ఆగి, ఆ గీత చుట్టూ చూసే చెప్పాలి. ఇప్పుడు వందల మందిని చూసి కన్ను పదును పెట్టుకున్న నర్సులే అప్పుడు ఆ నిర్ణయం తీసుకోగలరు. వాళ్ళకు ఏడాదికోసారైనా మళ్ళీ శిక్షణ ఇవ్వాలి. పంపిన కేసుల్లో బయాప్సీలో ఏం తేలిందో తిరిగి వాళ్ళకు చెప్పాలి. నేర్చుకున్న నర్సును ఆర్నెల్లకే వేరే వార్డుకు మార్చకూడదు.